గరీబ్‌పూర్ డయోరమా: ట్యాంకు కుదిరింది, పొలం కుదరలేదు

కృష్ణలంక_35 (విజయవాడ), ఆదివారం రాత్రి 9:12

సభ్యులందరికీ నమస్కారం. గరీబ్‌పూర్ పోరు మీద ఏడాదికి పైగా 1/35 స్కేలులో, అంటే అసలులో ముప్పై అయిదో వంతు కొలతలో, ఒక డయోరమా (బేస్ మీద చిన్న నమూనాలతో కట్టిన దృశ్యం) చేస్తున్నానని ఇంతకు ముందు రాశాను. 1971 నవంబరు 20 రాత్రి 14 పంజాబ్ పటాలం, 45 కావల్రీకి చెందిన సి స్క్వాడ్రన్‌లోని 14 పి.టి.-76 ట్యాంకులను వెంటబెట్టుకుని సరిహద్దు దాటి, అప్పటి తూర్పు పాకిస్తాన్‌లో (ఇప్పటి బంగ్లాదేశ్‌లో) జెస్సోర్ వైపున ఉన్న గరీబ్‌పూర్‌లో దిగింది. మరునాడు తెల్లవారుజామున దట్టమైన మంచులో పాకిస్తాన్ ఎం24 చాఫీ ట్యాంకులు దాడికి వచ్చాయి. యుద్ధం అధికారికంగా మొదలైన డిసెంబరు 3వ తేదీకి ఇంకా పన్నెండు రోజులు ఉండగానే జరిగిన పోరు ఇది. స్క్వాడ్రన్ కమాండర్ మేజర్ దల్జీత్ సింగ్ నారంగ్ ఆ ఉదయమే వీరమరణం పొందారు. ఆయనకు మరణానంతరం మహావీర్ చక్ర లభించింది.

ట్యాంకు కోసం ట్రంపెటర్ కంపెనీ మోడల్ కిట్ తీసుకున్నాను. నాలుగు నెలలు దానికే పట్టింది. తర్వాత పొలం చేశాను. పి.టి.-76 నీటిలో ఈదే ట్యాంకు, అది డెల్టా ప్రాంతం కాబట్టి మడి నిండా నీరు ఉండాలనుకుని రెండు మిల్లీమీటర్ల మందాన పారదర్శకమైన రెజిన్ పోసి, అందులో సన్నని పచ్చటి నారు వరుసలుగా నాటాను. ఫోటోల్లో చాలా అందంగా వచ్చింది.

పోయిన వారం మా కాలనీ హాల్లో పిల్లల కోసం పెట్టిన చిన్న ప్రదర్శనలో దాన్ని ఉంచాను. పంచె కట్టుకున్న ఒక పెద్దాయన చాలాసేపు వంగి చూసి, "ఇది ఏ నెల బాబూ?" అని అడిగారు. నవంబరు అని చెప్పాను. "నవంబరులో నారు ఉంటుందా?" అన్నారు. ఆయన దెప్పాలని అనలేదు, నిజంగానే తెలుసుకోవాలని అడిగారు. నా దగ్గర సమాధానం లేదు. ట్యాంకు మీద ప్రతి బోల్టునూ ఫోటోలతో పోల్చి చూసుకున్న నేను, ఆ ట్యాంకు నిలబడిన నేలను ఒక్కసారి కూడా పోల్చి చూడలేదు.

చరిత్రకు కట్టుబడడం అంటే ఎంతవరకు? ఈ బేస్ పీకేసి మళ్లీ చేయాలా, లేక ఈ పట్టింపు మితిమీరిందా? మీ అభిప్రాయాలు నిర్మొహమాటంగా చెప్పండి.

అరండల్‌పేట_బ్రష్ (గుంటూరు), ఆదివారం రాత్రి 10:05

కృష్ణలంక గారూ, పొలం సంగతి నాకంటే బాగా తెలిసినవారు చెబుతారు. నేను ట్యాంకు వరకే మాట్లాడతాను, ఎందుకంటే మీరు "కుదిరింది" అన్న ట్యాంకులో కూడా ఒక విషయం నాకు కనిపించింది.

మీ మొదటి ఫోటోలో ముందు భాగాన ఉండే ట్రిమ్ వేన్, అంటే నీటిలో అల తన్నకుండా ఎత్తే రేకు, పైకి లేచి ఉంది. అది నీటిలోకి దిగే ముందు ఎత్తవలసినది. నేల మీద నడిచేటప్పుడూ పోరాడేటప్పుడూ దాన్ని ముక్కు మీదికి మడిచి ఉంచుతారు, లేకపోతే డ్రైవర్‌కు దారి కనిపించదు. ఈదే ట్యాంకు అని చెప్పడానికి చాలామంది మోడలర్లు దాన్ని లేపి అతికిస్తారు, కాని యుద్ధంలో ఆ రేకు లేచిందంటే ముందు నీరు ఉన్నట్టు.

రెండోది మజిల్ బ్రేక్, అంటే కాల్చినప్పుడు ఫిరంగి వెనక్కి తన్నడాన్ని తగ్గించే, గొట్టం చివరి భాగం. 1951 నమూనా పి.టి.-76కు గొట్టం చివర అనేక చీలికలు ఉన్న పొడవాటి బ్రేక్ ఉంటుంది. తర్వాతి నమూనాలకు రెండు బాఫిళ్ల (అడ్డు పలకల) బ్రేకూ, గొట్టం మీద పొగ తీసే ఉబ్బూ (ఫ్యూమ్ ఎక్స్‌ట్రాక్టర్) ఉంటాయి. ట్రంపెటర్ 1951 నమూనానూ, పి.టి.-76బి నమూనానూ వేర్వేరు పెట్టెల్లో ఇస్తుంది కాబట్టి పెట్టె కొనేటప్పుడే మీరు ఒక చారిత్రక నిర్ణయం తీసుకున్నట్టు. మీరు చేస్తున్న స్క్వాడ్రన్ ఫోటో ఏది దొరికినా ముందు గొట్టం చివర చూడండి. మిగతా చర్చ అక్కడి నుంచే మొదలు కావాలి.

మీరు బాగా చేసిన విషయం కూడా చెప్పాలి. టరెట్ (ట్యాంకు పైన తిరిగే, ఫిరంగి ఉండే భాగం) మూత ఒకే పెద్ద పలకలా ముందుకు తెరుచుకుంటుంది. దాని వెనక నిలబడిన కమాండర్ మెడ చాచి, ఆ మూత పై నుంచి చూడవలసి వస్తుంది. మీ ఫిగర్ (మనిషి బొమ్మ) సరిగ్గా అలాగే నిలబడి ఉంది. ఈ ట్యాంకులో కమాండరే గన్నర్ కూడా, సిబ్బంది మొత్తం ముగ్గురే. ఆ మనిషి మీద ఎంత భారం ఉందో మీ ఫిగర్ భుజాల్లో కనిపించింది.

లబ్బీపేట_72 (విజయవాడ), సోమవారం ఉదయం 7:30

నాది కొంచెం వేరే అభిప్రాయం. దాన్ని గౌరవంగానే చెబుతాను.

నేను 1/72లో చేస్తాను. దుకాణం కట్టేసి ఇంటికి వచ్చాక వారానికి రెండు మూడు గంటలు దొరుకుతాయి. పదేళ్లలో మన ఊళ్లో ఈ అభిరుచి మొదలుపెట్టి మధ్యలో వదిలేసినవారిని చాలామందిని చూశాను. వారిలో ఎక్కువమంది ఆపేసింది చేతకాక కాదు, భయం వల్ల. చక్రాల మధ్య ఖాళీ తప్పు, రంగు తప్పు, బెల్టు తప్పు అని మొదటి మోడల్‌కే చెబితే రెండో మోడల్ పుట్టదు. ఒక కుర్రవాడు తన టైగర్ ట్యాంకుకు ఆకుపచ్చ రంగు వేస్తే వేయనివ్వాలి. ఆ కుర్రవాడే నాలుగేళ్ల తర్వాత, జర్మన్లు 1943 ఫిబ్రవరిలో మూల రంగును ముదురు బూడిద నుంచి ముదురు పసుపుకు మార్చారని తనంతట తాను తెలుసుకుని వచ్చి మనకే చెబుతాడు.

అయితే ఒక గీత నేనూ గీస్తాను. బేస్ మీద ఏమీ రాయకపోతే అది మీ ఊహ, మీ ఇష్టం. బేస్ మీద ఊరి పేరూ తేదీ చెక్కిన పలక అతికించారంటే మాత్రం చూసేవారికి మీరు ఒక మాట ఇచ్చినట్టే. కృష్ణలంక గారి పలక మీద "గరీబ్‌పూర్, 21 నవంబరు 1971" అని ఉంది. ఆ పెద్దాయన అడిగిన ప్రశ్న ఆ పలకను చూసి అడిగినదే. కాబట్టి బేస్ మార్చడం ఒక దారి, పలక తీసేయడం ఇంకో దారి. రెండూ నిజాయితీ గల దారులే.

నల్లరేగడి (తెనాలి దగ్గర), సోమవారం మధ్యాహ్నం 1:48

మొదటిసారి రాస్తున్నాను. మోడళ్లు చేయడం మొదలుపెట్టి రెండేళ్లే అయింది, వ్యవసాయం మాత్రం పుట్టుక నుంచి ఉంది. అందుకని పొలం గురించి నాకు తెలిసింది చెబుతాను.

బెంగాల్‌లో ఆమన్ వరి మన సార్వా పంట లాంటిదే. వానల్లో నాటతారు, నవంబరు, డిసెంబరుల్లో కోస్తారు. నవంబరు మూడో వారానికి చేను పండి బంగారు రంగుకు తిరిగి ఉంటుంది, కొన్ని మళ్లలో కోతలు కూడా అయిపోయి ఉంటాయి. కోతకు ముందు మడిలో నీరు తీసేస్తారు. కాబట్టి మీ డయోరమాలో నీరు ఉండకూడదు, నారు అసలే ఉండకూడదు. తడి ఆరుతున్న నేల, నడుము ఎత్తున పండిన చేను, పక్క మడిలో వరి కొయ్యకాళ్లు, గట్టు మీద పనలు, ఇదీ ఆ ఉదయం. పాతకాలపు వరి రకాలు పొడవైనవి. నాలుగడుగులు అనుకుంటే 1/35లో 35 మిల్లీమీటర్లు. మీరు నాటిన నారు పది మిల్లీమీటర్లు కూడా లేదు.

పండిన చేనులోంచి ట్యాంకు వస్తే ఏమవుతుందో ఆలోచించండి. గొలుసు కింద పడిన పైరు అది వెళ్లిన దిక్కుకే పడుకుంటుంది. రెండు చాళ్ల మధ్య, ట్యాంకు పొట్ట కింద ఉన్న పైరు వంగుతుంది కాని పూర్తిగా నలగదు. మా చేలో ట్రాక్టర్ అడ్డంగా వెళ్లిన రోజున నేను ఇదే చూశాను. ఈ ఒక్క విషయం చూపగలిగితే ట్యాంకు ఎటు నుంచి వచ్చిందో, ఎక్కడ మలుపు తిరిగిందో ఎవరూ చెప్పనక్కరలేదు.

నేల రంగు కూడా మార్చాలి. మీరు మన నల్లరేగడి మట్టి వాడినట్టున్నారు, ఎండి నెరియలు తీసి ఉంది. అక్కడిది గంగ మోసుకొచ్చిన ఒండ్రు, బూడిద కలిసిన గోధుమ రంగులో సన్నగా ఉంటుంది.

చెట్ల సంగతికి వస్తే, మీరు గట్టు మీద తాటిచెట్లు పెట్టారు. బెంగాల్‌లో తాడి ఉంది, అది తప్పు కాదు. కాని జెస్సోర్ ప్రాంతం పేరు పొందింది ఈత రసానికి, ఈత బెల్లానికి. అక్కడి గీతకార్మికులు ఒక ఏడు ఒక వైపు, మరుసటి ఏడు రెండో వైపు చెక్కుతారు కాబట్టి ఈత మాను మెట్లు మెట్లుగా వంకర తిరిగి ఉంటుంది. ఆ గీత పని చలి మొదలయ్యే రోజుల్లోనే ప్రారంభమవుతుంది. గట్టు మీద ఒక్క ఈత చెట్టు, పైన తాజాగా చెక్కిన తెల్లటి గాటు, దాని కింద కట్టిన చిన్న కుండ పెట్టి చూడండి. ఊరూ నెలా రెండూ ఆ చెట్టే చెబుతుంది.

కృష్ణలంక_35, సోమవారం రాత్రి 8:20

నల్లరేగడి గారూ, మీ సమాధానం మూడుసార్లు చదివాను. బేస్ పీకేస్తున్నాను, ఇక సందేహం లేదు. ట్రిమ్ వేన్ కూడా ఈ రాత్రే విడదీస్తాను.

ఇంకో ప్రశ్న. బేస్ పొడవు 42 సెంటీమీటర్లు. ఒక చివర పి.టి.-76, రెండో చివర దానికి ఎదురుగా కాలుతున్న చాఫీని ఉంచాలని మొదటి నుంచి అనుకున్నాను. ఈ అమరిక సరైనదేనా?

అరండల్‌పేట_బ్రష్, సోమవారం రాత్రి 9:31

కాదని నా అభిప్రాయం. ఇది మనలో చాలామంది చేసే తప్పు, నేనూ చేశాను.

42 సెంటీమీటర్లను 35తో హెచ్చిస్తే సుమారు 14.7 మీటర్లు. దానిలో రెండు ట్యాంకుల పొడవు తీసేస్తే మధ్యలో ఒక ఇంటి వరండా అంత జాగా మిగులుతుంది. ఆ ఉదయం మంచు వల్ల చాలా దగ్గర నుంచే కాల్పులు జరిగాయన్నది నిజమే. కాని యాభై మీటర్ల దూరాన్ని చూపాలన్నా 1/35లో దాదాపు 143 సెంటీమీటర్ల బల్ల కావాలి. వంద మీటర్లయితే 286 సెంటీమీటర్లు. ఒకే బేస్ మీద రెండు ట్యాంకులు ముఖాముఖి కాల్చుకుంటున్నాయంటే, బోల్టులన్నీ సరిగ్గా ఉన్నా ఆ దృశ్యం జరగలేదు.

నాకు తెలిసిన దారులు రెండు. రెండు చిన్న బేసులు చేసి, వాటిని గదిలో ఎదురెదురుగా మీటరున్నర దూరంలో ఉంచడం ఒకటి. చూసేవాడు ఒక ట్యాంకు దగ్గర వంగి రెండోదాన్ని వెతుక్కుంటాడు. అది యుద్ధంలో కమాండర్ చేసిన పనే. రెండోది, పోరు ముగిసిన తర్వాతి క్షణాన్ని తీసుకోవడం. కదలక నిలిచిపోయిన చాఫీ, దాని పక్కగా నెమ్మదిగా వెళుతున్న పి.టి.-76 ఉంటే దూరం సమస్య రాదు. నాకు రెండోదే ఇష్టం.

మంచును దూదితో చూపే ప్రయత్నం మాత్రం చేయవద్దు. మంచు చేసే పనిని చూపండి. పై పలకలన్నీ కొద్దిగా తడి మెరుపుతో ఉండాలి, అంచుల్లో నీటి చారలు దిగాలి, గొలుసుల వెంట దుమ్ము కాకుండా ముద్దగా అంటిన మట్టి ఉండాలి. పొడి దుమ్మును చూపే పిగ్మెంట్ (రంగు పొడి) రాజస్థాన్ ఎడారిలోని లోంగేవాలా పోరు డయోరమాకు అందం, ఇక్కడ అది అబద్ధం.

గవర్నర్‌పేట_డెకాల్ (విజయవాడ), మంగళవారం సాయంత్రం 6:15

ఆలస్యంగా వచ్చాను. గుర్తుల గురించీ, కాలం తప్పిన వస్తువుల గురించీ కొన్ని మాటలు చెబుతాను, ఎందుకంటే 1965, 1971 యుద్ధాల మీద చేసిన మోడళ్లలో నేను ఎక్కువగా చూసే పొరపాట్లు ఇవే.

ఆరేళ్ల క్రితం నేను పంజాబ్‌లోని అసల్ ఉత్తర్ పోరు మీద డయోరమా చేశాను. 1965 సెప్టెంబరు, చెరకు తోట, ముందు పాకిస్తాన్ పాటన్ ట్యాంకు, గట్టు చాటున 106 మిల్లీమీటర్ల రీకాయిల్‌లెస్ గన్ (కాల్చినప్పుడు వెనక్కి తన్నని ఫిరంగి) ఎక్కించిన వాహనం. ఆ వాహనంగా జోంగా అనే జీపు లాంటి సైనిక బండిని పెట్టాను. నిస్సాన్ పెట్రోల్ ఆధారంగా జబల్‌పూర్‌లో జోంగా తయారీ మొదలైంది 1969లో. అంటే ఆ పోరులో జీపు మీది గన్‌తో ట్యాంకులను ఎదిరించిన అబ్దుల్ హమీద్ అమరుడైన నాలుగేళ్ల తర్వాత పుట్టిన బండిని ఆయన చేతికి ఇచ్చాను. ఈ సంగతి తెలిసిన రోజు నాకు నిద్ర పట్టలేదు. ఆయనకు పరమవీర చక్ర వచ్చింది జీపు మీది గన్‌తో చేసిన పోరాటానికి. ఆ జీపే తప్పుగా ఉంటే ఇంక నేను చెప్పినది ఎవరి కథ? తర్వాత టమియా కంపెనీ విల్లీస్ జీపు కిట్‌ను ఆధారంగా చేసుకుని మళ్లీ చేశాను. లారీ కావలసినవారికి శక్తిమాన్ ఇబ్బంది లేదు, దాని తయారీ 1959లోనే మొదలైంది.

రైఫిళ్లు కూడా అంతే. 1962 యుద్ధంలో మన జవాన్ల చేతిలో ఎక్కువగా ఉన్నది .303 లీ ఎన్‌ఫీల్డ్. 1971 నాటికి 7.62 మిల్లీమీటర్ల సెల్ఫ్ లోడింగ్ రైఫిల్ (తనంతట తానే తర్వాతి గుండు ఎక్కించుకునేది) వచ్చింది. ఇన్‌సాస్ రైఫిల్ 1990లలో వచ్చినది. నేటి భారత జవాన్ల ఫిగర్లు తెచ్చి 1971 బేస్ మీద నిలబెట్టినప్పుడు రైఫిల్‌తో పాటు హెల్మెట్, మచ్చల యూనిఫారం కూడా కాలం దాటి వస్తాయి. అప్పటిది సాదా ఆలివ్ గ్రీన్.

వాహనం నెంబరు పలక ఇంకో ఉచ్చు. నేటి సైనిక వాహనాల పలక మీద పైకి చూసే బాణం గుర్తు తర్వాత వచ్చే రెండు అంకెలు ఆ వాహనం కొన్న సంవత్సరాన్ని చెబుతాయి. రోడ్డు మీద చూసిన పలకను అలాగే డెకాల్ (మోడల్ మీద అంటించే గుర్తు) చేసి 1971 లారీకి అంటిస్తే, యుద్ధం అయిన ఇరవై ఏళ్లకు కొన్న లారీ ఆ యుద్ధంలో పాల్గొన్నట్టు అవుతుంది.

చివరిగా ఒక వింత. 1971లో మన టి-55 ట్యాంకుల గొట్టం మధ్యలో ఒక నకిలీ ఉబ్బు తొడిగారు. అసలైన ఫ్యూమ్ ఎక్స్‌ట్రాక్టర్ గొట్టం చివరనే ఉంటుంది. పాకిస్తాన్ దగ్గర ఉన్న చైనా టైప్ 59, మన టి-54, టి-55 ట్యాంకులు ఒకే వంశానివి కాబట్టి, మనవాళ్లు మన ట్యాంకునే కాల్చకుండా దూరం నుంచి గుర్తుపట్టడానికి చేసిన ఏర్పాటు అది. సోవియట్ నమూనా చిత్రాన్ని మాత్రమే నమ్మే మోడలర్ ఆ ఉబ్బును చూసి తప్పంటాడు. కిట్ కాగితానికి కట్టుబడడం వేరు, ఆ సంవత్సరం ఆ సేన వాడిన ట్యాంకుకు కట్టుబడడం వేరు.

మాజీ_ఈఎంఈ (గుంటూరు), బుధవారం ఉదయం 6:02

నేను సైన్యంలో మరమ్మతు విభాగమైన ఈఎంఈలో పనిచేసి వచ్చినవాణ్ని. 1971 నాకు ముందు తరం. అయినా ఇనుము సంగతి తరాన్ని బట్టి మారదు కాబట్టి రాస్తున్నాను.

మీరందరూ తుప్పు ఎక్కువ వేస్తారు. సిబ్బంది రోజూ తుడిచి, గ్రీజు పెట్టి నడిపే ట్యాంకు పాడుబడిన బావి గిలకలా తుప్పు పట్టదు. ఎగ్జాస్ట్ దగ్గర తుప్పు ఉంటుంది, ఎందుకంటే వేడికి రంగు నిలవదు. గొలుసు పళ్లు, నేలను రాసే అంచులు రుద్దుకుని మెరుస్తాయి, మిగిలిన గొలుసు మట్టి కలిసిన గోధుమ బూడిద రంగులో ఉంటుంది. పి.టి.-76 చక్రాలకు రబ్బరు తొడుగు ఉంది. ఆ అంచుకు వెండి రంగు వేయడం నేను చాలా మోడళ్లలో చూశాను. రబ్బరు మెరవదు. ట్యాంకు కాలిపోయిన తర్వాత మాత్రం లెక్క వేరు. మంట తగిలిన చోట రంగంతా పోయి, కొద్ది రోజుల్లోనే పచ్చి తుప్పు లేస్తుంది. మీ చాఫీ అప్పుడే ఆగిన ట్యాంకు అయితే మసి, పొక్కిన రంగు, ఆగిపోయిన చక్రాల రబ్బరు కరిగిన జాడ చాలు. నారింజ రంగు తుప్పు అప్పుడే వేయకండి.

డెకాల్ గారి రీకాయిల్‌లెస్ గన్ ప్రస్తావన వచ్చింది కాబట్టి ఒక మాట. ఆ గన్‌కు వెనక నుంచి మంట, గాలి భయంకరంగా తన్నుకు వస్తాయి. దాని వెనుక ఇసుక బస్తాల గోడ కట్టి, ఆ గోడకూ గన్‌కూ మధ్య జవాన్లను కూర్చోబెట్టిన డయోరమాలు రెండు చూశాను. నిజంగా కాల్చి ఉంటే ఆ జవాన్లు బతకరు. మనిషిని ఎక్కడ నిలబెట్టారన్నది కూడా చరిత్రలో భాగమే.

ఇంకొకటి అడగాలని ఉంది. చాఫీ సిబ్బందిని ఎలా చూపుతున్నారు? వారు కూడా సైనికులే. దాడికి వచ్చి, తమ ట్యాంకులో తాము చనిపోయిన మనుషులు. కొందరు మోడలర్లు శత్రువు శవాన్ని వికృతంగా చేసి అది వాస్తవికత అంటారు. ఆ రోజున ఎవరు ఎలా పడిపోయారో మనకు ఫోటో లేదు. ఫోటో లేని చావును మన ఊహతో చెక్కడం నాకు నచ్చదు. మూత తెరిచి ఉంచండి, లోపల చీకటి ఉంచండి.

లబ్బీపేట_72, బుధవారం రాత్రి 10:44

ఈఎంఈ గారి చివరి పేరా చదివాక నా మొదటి సమాధానానికి కొంచెం చేర్చాలనిపించింది. నేను సంతోషం గురించి మాత్రమే మాట్లాడాను. నిజమైన పోరాటాల విషయంలో మనం సంతోషంతో పాటు మరొకటి కూడా మోస్తున్నామన్నది ఒప్పుకుంటాను.

అయినా ఒక చిక్కు మిగిలింది. తెలియని వాటిని ఏం చేయాలి? ఆ ట్యాంకు మీద ఏ అంకె ఉందో, ఆ గట్టు ఎంత ఎత్తో, ఈత చెట్టు ఆ మడి పక్కన ఉందో లేదో కృష్ణలంక గారు ఎలా చెప్పగలరు? నల్ల తెల్ల ఫోటోను చూసి రంగు చెప్పడం కూడా ప్రమాదమే. పాతకాలపు ఆర్థోక్రోమాటిక్ ఫిల్మ్‌లో ఎరుపు నల్లగా పడేది, నీలం తెల్లబడేది. మ్యూజియంలో ఉన్న ట్యాంకునూ పూర్తిగా నమ్మలేము. అహ్మద్‌నగర్‌లో, ఇప్పటి అహిల్యానగర్‌లో, 1994 నుంచి ఉన్న కావల్రీ ట్యాంక్ మ్యూజియానికి వెళితే ఆకారాలూ కొలతలూ కళ్లారా చూడవచ్చు. కాని ఏ ప్రదర్శనలోని ట్యాంకుకైనా ఏళ్ల తరబడి మళ్లీ మళ్లీ రంగు వేస్తారు. ఆ రంగును 1971 రంగు అనుకోకూడదు.

నా సూచన ఇది: తెలియని చోట తక్కువ చేయండి. అంకె తెలియకపోతే, అంకె ఉండే చోట బురద పడనివ్వండి, లేదా ఆ వైపు వల కప్పండి. బేస్ చిన్నదిగా చేయండి. 42 సెంటీమీటర్ల నిండా ఊహ నింపడం కంటే 25 సెంటీమీటర్లలో తెలిసినది మాత్రమే ఉంచడం మేలు.

నల్లరేగడి, గురువారం ఉదయం 5:40

లబ్బీపేట గారు అడిగినది న్యాయమైన ప్రశ్న. ఫలానా మడి పక్కన ఈత చెట్టు ఉందని నేను చెప్పలేను. ఆ జిల్లాలో ఆ నెలలో ఏ గట్టు మీద చూసినా ఉండదగిన చెట్టు అని మాత్రమే చెప్పగలను. పచ్చటి నారు మాత్రం ఆ నెలలో ఉండదగినది కాదు. ఈ రెంటికీ తేడా ఉంది.

పని విషయంలో కొన్ని సూచనలు. మట్టిని నేరుగా వాడకండి. కృష్ణ ఇసుక అసలు వద్దు. ఒక మిల్లీమీటరు ఇసుక రేణువు 1/35లో 35 మిల్లీమీటర్ల కంకర రాయి అవుతుంది. ఒండ్రు మట్టిని ఎండబెట్టి, నలగ్గొట్టి, పాత మల్లు గుడ్డలో జల్లించి, మూకుడులో పొగ వచ్చేదాకా వేయించండి. లేకపోతే వానాకాలంలో అందులోంచి పురుగు లేస్తుంది. నా మొదటి బేస్‌కు కొండపల్లి బొమ్మల పద్ధతిలో చింతగింజల జిగురు, రంపపు పొట్టు కలిపిన మక్కు వాడాను. గట్టులు చక్కగా వచ్చాయి. వేయించని పొట్టు వాడడం వల్ల ఆరు నెలలకు పురుగు పట్టింది. ఇప్పుడు ఆ మక్కులో కొద్దిగా మైలుతుత్తం కలుపుతున్నాను, పిల్లలకు అందకుండా చూసుకోవాలి.

పండిన చేనుకు కొబ్బరి పీచు బాగుంటుంది. చిన్న దుబ్బులుగా కట్టి, కొసలు కొద్దిగా వంచి, ఎండిన గడ్డి రంగు పలచగా కొట్టండి. దుబ్బుకూ దుబ్బుకూ మధ్య ఆరు ఏడు మిల్లీమీటర్లు ఉండాలి.

అరండల్‌పేట_బ్రష్, గురువారం రాత్రి 9:05

ఎయిర్‌బ్రష్ (గాలితో రంగు చిమ్మే పరికరం) వాడేటప్పుడు ఒక్క జాగ్రత్త. ఈ ఎండల్లో మన దగ్గర యాక్రిలిక్ రంగు సూది కొసన నిమిషంలో ఎండిపోయి తుంపరలు పడుతుంది. తెల్లవారుజామున కొట్టండి, రంగు త్వరగా ఆరకుండా చేసే రిటార్డర్ రెండు చుక్కలు కలపండి. వానల్లో లాకర్ రంగు కొడితే తేమకు తెల్లటి పొర తేలుతుంది, అప్పుడు ఆపేయడమే మంచిది. ఆలివ్ గ్రీన్‌ను డబ్బాలో ఉన్నంత ముదురుగా కాక కొంచెం తేలిక చేయండి. చిన్న వస్తువు మీద ముదురు రంగు ఇంకా ముదురుగా కనిపిస్తుందని నా అనుభవం. దీన్ని ఒప్పుకోనివారూ ఉన్నారు, కాబట్టి ఒక పాత స్ప్రూ (కిట్ భాగాలను పట్టి ఉంచే ప్లాస్టిక్ చట్రం) ముక్క మీద రెండూ కొట్టి మీ కంటితోనే తేల్చుకోండి.

కృష్ణలంక_35, నాలుగు వారాల తర్వాత, ఆదివారం రాత్రి 8:50

అందరికీ నమస్కారం. జరిగిన పని చెబుతున్నాను.

రెజిన్ బేస్ పూర్తిగా తీసేశాను. కొత్త బేస్ పొడవు 26 సెంటీమీటర్లు. చాఫీని ఇందులో పెట్టడం లేదు. అది వేరే బేస్ మీద, మూత తెరిచి, లోపల చీకటిగా, మనుషులెవరూ లేకుండా ఉంటుంది. రెండింటినీ గోడ బీరువాలో మీటరున్నర ఎడంగా ఉంచుతాను. ట్రిమ్ వేన్ మడిచాను. చక్రాల అంచు మీద నేనూ వేసిన వెండి రంగును ఈఎంఈ గారి మాట తర్వాత రబ్బరు రంగుతో కప్పాను.

కొబ్బరి పీచు దుబ్బులు ఇప్పటికి 640 కట్టాను. మా అమ్మ 200 దాకా కట్టి పెట్టింది. ట్యాంకు వచ్చిన దారిలో పైరు అది వెళ్లిన వైపే పడుకుంది, పొట్ట కింద వంగి నిలిచింది. ఆ రెండు చాళ్లూ చేసిన రోజున మొదటిసారి ఈ ట్యాంకు ఎక్కడి నుంచో వచ్చినట్టు అనిపించింది.

ట్యాంకు మీద అంకెకు ఆధారం దొరకలేదు. టరెట్ ఆ వైపున వల కప్పాను. పాత పలక తీసేసి కొత్తది చెక్కించాను. దాని మీద ట్యాంకు పేరు గాని, ఎవరి పేరు గాని లేదు. "గరీబ్‌పూర్ దగ్గర ఒక వరి చేను, 1971 నవంబరు" అని మాత్రమే ఉంది.

ఈత చెట్టు మానుకు వెదురు పుల్ల వాడాను. ఎడమ వైపు గాట్లు పాతవిగా నల్లబడి, కుడి వైపు కొత్త గాటు తెల్లగా ఉండాలని చెక్కాను. కుండ ఎంత పరిమాణంలో ఉండాలో ఇంకా తేలలేదు. నల్లరేగడి గారూ, మీ వైపు ఈత చెట్టుకు కట్టే ముంత ఎత్తు ఎంత ఉంటుంది?

నల్లరేగడి, ఆదివారం రాత్రి 9:26

మా వైపు ముంత జానెడు లోపే ఉంటుంది. జెస్సోర్ కుండ మన ముంతంతే ఉండాలని లేదు, ముందు అక్కడి ఫోటో ఒకటి వెతకండి. ఫోటోలో గీతకార్మికుడి చెయ్యి కుండ పక్కనే ఉంటే కొలత తీయడం తేలిక. దొరకకపోతే ఆరు మిల్లీమీటర్లకు మించనివ్వకండి. మెడకు కట్టే తాడు మాత్రం మరిచిపోవద్దు.